రత్నసాగరంలో మా గుమ్మం

నమోదు 1

ఆటలో రాజధాని రత్నసాగరం గేటు ఈ రోజు తెరుచుకుంది. పాత చిట్టా మూసేసి కొత్తది మొదలుపెట్టాను. పాత చిట్టా నిండా పాములూ, బందిపోట్లూ, బురదలో దిగబడిన గుర్రాలూ ఉన్నాయి. వాటితో నాకేం పని? ఈ ఊరికి రావడానికే అంత దూరం నడిచాను.

చిట్టా రాస్తే కంపెనీ రోజూ కాసేపు ఎక్కువ ఆడనిస్తుంది, అందుకని రాస్తున్నాను. చదివేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. పేరు కృపామణి. మాది ఉప్పురేవు. ఉప్పురేవు ఇప్పుడు లేదు, సముద్రం తీసుకుంది. మిగిలినవాళ్ళం మెట్ట కాలనీలో రేకుల గదుల్లో ఉంటున్నాం. ఇక్కడ నీళ్ళు ట్యాంకరులో వస్తాయి, దుమ్ము ఎవరూ తేకుండానే వస్తుంది. అప్పట్లో రాత్రిళ్ళు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. ఇప్పుడు రాత్రిళ్ళు కంపెనీ మిషన్లుండే చల్లగదుల్లో పనిచేస్తున్నాను. అప్పుడు చేపలు పాడవకుండా చూసేదాన్ని, ఇప్పుడు ఈ ఆటను నడిపే మిషన్లు కాలిపోకుండా చూస్తున్నాను. తేడా ఏమిటంటే చేపల్ని కూర వండుకోవచ్చు.

ఊరు మునగడానికి ముందు ఏడాది కంపెనీవాళ్ళు వచ్చి ప్రతి వీధినీ కొలుచుకున్నారు. మీ ఊరు ఎలాగూ ఆగదు, మాకివ్వండి, మా ఆటలో రాజధానిగా కడతాం, మీకు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు వచ్చి మీ గుమ్మంలో కూర్చోవచ్చు అన్నారు. పంచాయతీ హాల్లో చప్పట్లు కొట్టి మరీ సంతకాలు పెట్టాం. ఆ రాజధాని ఏడు దేశాలు దాటితే గాని రాదని మాత్రం ఒక్కడూ చెప్పలేదు. సొంత ఊరికి పోవాలంటే మొసళ్ళని చంపుకుంటూ పోవాలి. కత్తి పట్టడం నాకేం తెలుసు? ఐసు దిమ్మ పగలగొట్టే గునపాన్ని పట్టినట్టు పట్టాను. అదే పనికొచ్చింది.

నేను వచ్చింది ఊరు చూడ్డానికి కాదు. మా ఆయన గొంతు వినడానికి, అదీ మా గుమ్మంలో నిలబడి వినడానికి.

మా ఆయన దానియేలు ఆటో మీద రెండు మైకులు కట్టుకుని ఊరంతా చాటింపు వేసేవాడు. రేపు కుళాయి రాదు, బిందెలు నింపుకోండి అని. ఫలానావారి పిల్ల పెళ్ళి అని. తుపాను వస్తోంది, పడవలు పైకి లాక్కోండి అని. ఆయన గొంతు వినని గడప ఊళ్ళో లేదు, నా గడప తప్ప. నేను తెల్లారి డ్యూటీ దిగి వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా లేచేదాన్ని కాదు. లేచేసరికి ఆయన చాటింపు అయిపోయేది. అంత నిద్రలో కూడా మైకు మోగితే మెలకువ రాదా? ఒక్క రోజూ రాలేదు. ఊరందరికీ చెబుతావు, మన వీధికి మాత్రం రావేమని దెబ్బలాడేదాన్ని. "ఇంట్లో వింటున్నది సాలదా, మైకులో కూడానా?" అని నవ్వేసేవాడు. మా వీధి ఇరుకు, ఆటో తిప్పుకోవడానికి బద్ధకం అనుకున్నాను.

ఊరు పోయిన రోజున మమ్మల్ని మధ్యాహ్నమే డ్యూటీకి పిలిచారు. నీళ్ళు వచ్చేస్తున్నాయని తెలిసి ఫ్యాక్టరీ లారీలోనే మెట్టకు తోలేశారు. ఫోన్లు పనిచెయ్యలేదు. ఆయన చాటింపు వేస్తూ వేస్తూ నీళ్ళలో పోయాడని తర్వాత చెప్పారు. మనిషి దొరకలేదు.

ఆయన గొంతు మాత్రం కంపెనీ దగ్గర ఉంది. వాళ్ళ రికార్డింగు పిల్ల ఒకతె ఆటోలో ఆయన పక్కన కూర్చుని వారం రోజులు ఊరంతా తిరిగింది. అది ఈ ఊళ్ళో ఎక్కడో ఉంటుంది.

నమోదు 2

ఈ రోజు ఊరంతా తిరిగాను. దీన్ని ఊరంటే ఉప్పురేవులో కుక్కలు కూడా ఒప్పుకోవు.

దూరం నుంచి చూస్తే బాగానే ఉంది, కాదనను. లైట్‌హౌసు ఉంది, జెట్టీ ఉంది, సందుల మలుపులు సరిగ్గా ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి తలుపు తోస్తే తెలుస్తుంది. అది తలుపు కాదు, గోడ మీద తలుపు రంగు. మా వీధిలో అన్నీ అంతే. కిటికీలు, గొళ్ళాలు, గొళ్ళేనికి వేలాడే తాళం కప్ప, అన్నీ రంగే. ఏడు దేశాలు దాటి వచ్చి గోడకి భుజం ఆనించి తోస్తున్నాను.

చర్చి గంట స్తంభం ఉంది, చర్చి లేదు. మా ఐసు ఫ్యాక్టరీని మాంత్రికుడి కోట చేశారు. చేపల బజారులో బుట్టలు వరసగా పెట్టారు, అన్ని బుట్టల్లోనూ ఒకటే పండుగొప్ప చేప, అన్నీ ఒకే పక్కకి చూస్తున్నాయి. సముద్రంలో అల లేదు. మా ఊరిని మింగిన సముద్రం ఇదా, ఇంత బుద్ధిగా ఉందేమిటి అని ఒళ్ళు మండింది.

జనం సంగతి చెప్పక్కర్లేదు. నాలుగు మొహాలు చేసి ఊరందరికీ పంచారు. చేపలమ్మే మనిషిని పలకరించాను. ఆవిడ చేతులు జోడించి, "యాత్రికురాలా, నీకు జయము కలుగుగాక" అంది. ఉప్పురేవు చేపల బజారులో అలా మాట్లాడిన మనిషిని ఎక్కడైనా చూశామా? ధర ఎంత అని అడిగాను. మళ్ళీ జయము కలుగుగాక అంది. ఇంకోసారి అడిగితే నాకు ఏడుపొచ్చేలా ఉందని వచ్చేశాను.

దేశదేశాల నుంచి వచ్చి ఆడేవాళ్ళు కూడా ఇక్కడ తిట్టుకుంటున్నారు. అడవులు బాగున్నాయి, పల్లెలు బాగున్నాయి, రాజధాని వట్టి డొల్ల అంటున్నారు. వాళ్ళకి ఆట చెడింది. నాకు చెడింది ఇంకోటి.

నమోదు 3

దొరికాడు.

జెట్టీ దగ్గర నిలబడి ఉంటే వెనక నుంచి వినపడింది. "అయ్యలారా అమ్మలారా, ఒక్క మాట. గెడ్డం వారి తెల్లమేక తప్పిపోయిందండోయ్. మెడలో ఎర్ర తాడు. సూసినోళ్ళు సెప్పండి, కోసుకున్నోళ్ళు కూరన్నా పంపండి." అచ్చం ఆయనే. ఆ చివరి ముక్క ఆయన సొంతం, గెడ్డం వారు చెప్పమన్నది కాదు.

ఆట కళ్ళజోడు లాగేశాను. కాలనీ గదిలో మంచం మీద నుంచి నా కాళ్ళు వేలాడుతున్నాయి, ఇంకెవరూ లేరు. మళ్ళీ పెట్టుకున్నాను.

ఆయనకి తలపాగా చుట్టి, మెడలో డప్పు వేసి, రాజుగారి చాటింపువాడిని చేశారు. ఆటో లేదు. మొహం ఆ నాలుగు మొహాల్లో ఒకటి. గొంతొక్కటీ వదిలేశారు. మిగతా ఊరంతా నాటకంలోలా మాట్లాడుతుంటే ఆయన ఒక్కడే మనిషిలా మాట్లాడుతున్నాడు. వెనకాల పది మంది ఆటగాళ్ళు ఆ మేక కోసం వెతుకుతున్నారు, దొరికితే బహుమానం ఉంటుందని. మేకని చెయ్యడం కంపెనీవాళ్ళు మర్చిపోయారు. ఎక్కడా లేదు. వెతకండి నాయనా, బాగా వెతకండి అనుకున్నాను.

ఆయన ఆటోలో తిరిగిన దారినే తిరుగుతున్నాడు. జెట్టీ, చేపల బజారు, చర్చి స్తంభం. వెనకే నడిచాను. మా వీధి మలుపు దగ్గర తాతబ్బాయి బాబాయ్ కిళ్ళీ కొట్టుంది. కొట్టు అంటే, కొట్టు బొమ్మ. ఆయన మలుపు తిరిగాడు. మా వీధిలోకే వస్తున్నాడు! నేను ముందుకు పరిగెత్తి మా గుమ్మంలో నిలబడ్డాను.

కొట్టు దాటగానే నోరు మూసేశాడు. మాట లేదు, డప్పు లేదు. నా ముందు నుంచే తల వంచుకుని నడిచి వెళ్ళిపోయాడు. వీధి చివర బావి ఉంది, అక్కడి నుంచే మెట్ట రోడ్డు మొదలవుతుంది. ఆ బావి దాటాక మళ్ళీ అందుకున్నాడు, "అయ్యలారా అమ్మలారా."

మూడు చుట్లు చూశాను. మూడుసార్లూ అంతే. మా వీధి అంత మేరా మూగే.

బతికినప్పుడు రాలేదు, చచ్చాకైనా వచ్చావనుకుంటే ఇదా నీ రాక అని ఆ రంగు తలుపు ముందు కూర్చుని తిట్టాను. చుట్టూ ఉన్న ఆటగాళ్ళు నన్ను కూడా ఆటలో బొమ్మే అనుకుని ఏదైనా పని చెబుతానేమోనని ఎదురుచూశారు.

నమోదు 4

ట్యాంకరు లైనులో ఈ రోజు అందరిదీ ఇదే గోల. రాజధాని దాకా చేరినవాళ్ళు కాలనీలో కొద్దిమందిమే, కానీ మేం చెప్పింది విని మిగతావాళ్ళు మా కంటే ఎక్కువ మండిపడుతున్నారు. ఫిర్యాదులు పెట్టాలని తీర్మానం చేసుకున్నారు. ఎవరికి ఏది లేదో వాళ్ళు అది అడగాలి. చర్చి కావాలి, తలుపులు తెరుచుకోవాలి, మనుషులు మనుషుల్లా మాట్లాడాలి.

తాతబ్బాయి బాబాయ్ నన్ను పక్కకి పిలిచాడు. ఆయనకి చేతులు వణుకుతాయి. ఆటలో మూడో దేశంలో ఏరు దాటలేక ఇన్నాళ్ళుగా అక్కడే కూర్చున్నాడు. నా కొట్టెలా ఉందని అడిగాడు. బాగుంది బాబాయ్ అని అబద్ధం చెప్పాను. నన్నోసారి తీసుకెళ్ళమన్నాడు. సరేనన్నాను.

గదికి వచ్చి నా ఫిర్యాదు నేను పెట్టాను. తలుపులూ చర్చీ ఏమీ అడగలేదు. ఇలా రాశాను: చాటింపువాడి గొంతు కిళ్ళీ కొట్టు దగ్గర నుంచి బావి దాకా ఆగిపోతోంది. అది పొరపాటు. ఆ వీధిలో కూడా వినపడేలా చెయ్యండి. ఆ వీధిలో మా ఇల్లుంది.

చాటింపు గురించి అడుగుతున్నానని ఎవరికీ చెప్పలేదు. మొగుడి గొంతు కోసం ఏడుస్తోందని నవ్వుతారని సిగ్గేసింది.

నమోదు 5

ఈ వారమంతా డ్యూటీ అవగానే బాబాయ్‌ని నడిపించడమే సరిపోయింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని కూర్చుంటాడు, ముందు నేను నడుస్తూ కనపడ్డవాటినల్లా పొడుస్తాను, వెనక ఆయన "అదేటమ్మాయ్, ఇదేటమ్మాయ్" అంటూ వస్తాడు. మొసలికి దణ్ణం పెడితే వదిలేస్తుందేమో చూడమన్నాడు. చూశాం, వదల్లేదు.

మధ్యలో కంపెనీ నుంచి కబురొచ్చింది. కాలనీ మొత్తం పెట్టిన ఫిర్యాదుల్లో ఒక్కటి బాగుచేశారు. నాది.

మిగతావన్నీ పరిశీలనలో ఉన్నాయట. చర్చి కట్టడానికి మనిషి కావాలి, తలుపు తెరవాలంటే వెనక గది కట్టాలి. గొంతు కలపడానికి ఏముంది, మీట నొక్కితే అయిపోతుంది. తేలిక పని కాబట్టి చేశారు. ఎందుకు చేస్తేనేం, చేశారు కదా అని ఎగిరి గంతేశాను.

ఒకసారి రాజధాని గేటు దాటినవాళ్ళకి మళ్ళీ అంత దూరం నడవక్కర్లేదు. డ్యూటీ బట్టలు కూడా విప్పకుండా వెళ్ళి మా గుమ్మంలో నిలబడ్డాను. కొట్టు దాటాడు. గొంతు ఆగలేదు. మా తలుపు ముందు, నాకు జానెడు దూరంలో, "అయ్యలారా అమ్మలారా, ఒక్క మాట" అన్నాడు. మేక గురించే. అయినా సరే. పెళ్ళయిన దగ్గర నుంచి నాకు రావాల్సిన మాట ఇన్నాళ్ళకి వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

పరిష్కారం తృప్తిగా ఉందా, నక్షత్రాలు ఇవ్వండి అని అడిగారు. ఐదు ఇచ్చాను. ఆరు ఉంటే ఆరూ ఇచ్చేదాన్ని.

కాలనీలో కొందరు మూతి ముడుచుకున్నారు. మణి ఎవరిని పట్టుకుందో, దాని పనొక్కటే అయిందని. అనుకోనీ.

నమోదు 6

ఇది రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

ఈ రోజు బాబాయ్‌ని ఊళ్ళోకి తెచ్చాను. సరాసరి కొట్టు దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. తెచ్చి నిలబెట్టాను. ఆయన ఆ బొమ్మ కొట్టుని తడిమి చూశాడు. సీసాలు రంగు, అరటి గెల రంగు, సున్నం డబ్బా రంగు. కూర్చునే పీట లేదు. బాగుందన్నావు కదమ్మాయ్ అని మాత్రం అన్నాడు.

అప్పుడే దానియేలు చాటింపు వేసుకుంటూ వచ్చాడు. బాబాయ్ మొహం వెలిగింది. "ఆడే, ఆడే" అన్నాడు. ఇప్పుడు చూడు బాబాయ్, మా గుమ్మం ముందు కూడా చాటుతాడు, నేనే అడిగి పెట్టించాను అని గొప్పగా చెప్పాను. దానియేలు కొట్టు దాటాడు, గొంతు మోగుతూనే ఉంది, మా ఇంటి ముందు మోగింది, బావి దాకా మోగింది.

బాబాయ్ కళ్ళజోడు తీసేశాడని ఆటలో ఆయన బొమ్మ కదలకుండా నిలబడిపోవడం చూసి తెలిసింది. నేనూ తీశాను. కాలనీ గదిలో నా మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఎవరు పెట్టమన్నారమ్మాయ్ ఇక్కడ మైకు?"

నేనే అన్నాను. ఆయన నా వంక చూసిన చూపు నేను బతికున్నంతకాలం మర్చిపోలేను.

"నా కొట్టు కాడికి రాగానే మైకు కట్టేసీవోడు. ఆటో ఇంజను కూడా ఆపేసి, దిగి తోసుకుంటా ఎల్లీవోడు బావి దాకా. అక్కడ మళ్ళీ ఎట్టీవోడు. ఆ వీధిలో ఎవడన్నా హారన్ కొడితే మీదకెల్లిపోయీవోడు. మా మణి రేత్రంతా ఐసులో నిలబడొచ్చింది, ఇప్పుడే కన్నంటుకుంది అనీవోడు. నీకు తెలీదా?"

తెలీదు. వీధందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలీదు. నేను నిద్రపోతున్నాను కదా.

రికార్డింగు పిల్ల ఆయన పక్కన వారం రోజులు తిరిగింది. ఆయన మైకు ఎక్కడ ఆపాడో, ఎక్కడ పెట్టాడో అంతా ఉన్నదున్నట్టు తీసుకుంది. ఈ దిక్కుమాలిన ఊళ్ళో, ఈ రంగు తలుపుల మధ్యన, నిజంగా మా ఉప్పురేవుది ఒకే ఒక్కటి మిగిలింది. దాన్ని పొరపాటని రాసి తీయించేశాను. ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. బాబాయ్ లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగాడు. ఇన్నాళ్ళూ చెప్పలేదు, చెప్పి ఏం లాభమని ఊరుకున్నానన్నాడు.

"అన్నేళ్ళలో ఒక్కరోజే ఆపలేదు. ఊరు పోయిన్నాడు. నువ్వు పగటేల డ్యూటీకెల్లావని ఆడికి తెలీదు, లోపల పడుకున్నావనుకున్నాడు. వీధిలో నడుం లోతు నీళ్ళు. ఆటో నా కొట్టు కాడ ఆగిపోయింది. నేను పడవలోంచి రమ్మంటన్నాను. మణి లేగలేదు బాబాయ్ అని మైకు పెద్దది సేసి మీ ఇంటేపు పిలుత్తానే ఉన్నాడు."

నమోదు 7

కంపెనీకి మళ్ళీ రాశాను. చాటింపు ఆగినది పొరపాటు కాదు, పొరపాటు నాదే, కొట్టు నుంచి బావి దాకా మళ్ళీ మౌనంగా ఉంచండి అని. కాళ్ళు పట్టుకుంటున్నానని కూడా రాశాను.

జవాబు వెంటనే వచ్చింది. మనిషి రాసిందో మిషను రాసిందో తెలీదు. నా చేత్తో చల్లబరిచే మిషన్లలోనే ఒకటేమో. మీ ఫిర్యాదు ఇదివరకే పరిష్కరించబడింది, మీరు తృప్తి తెలియజేశారు, ధ్వని వినపడటం లోపం కిందికి రాదు, పాత ప్రతి మా దగ్గర ఉంచలేదు అని. కింద మళ్ళీ నక్షత్రాలు.

రాత్రి చల్లగదిలో ఆ మిషన్ల మధ్యన నిలబడితే ఒక్క ఆలోచనే వచ్చింది. ఈ గాలి తిప్పే మీటలు నా చేతి కిందే ఉన్నాయి. కాసేపు ఆపితే చాలు, రత్నసాగరం మళ్ళీ మునుగుతుంది, ఈసారి నిప్పులో. మీట మీద చెయ్యి వేశాను. కానీ మునిగేది ఆయన గొంతు కూడా. చెయ్యి తీసేశాను.

ఆ గుమ్మం ముందు ఇప్పుడు ప్రతి చుట్టులోనూ ఆ ఆఖరి రోజే. మైకు ఆపడు. నేను లోపల ఉన్నాననుకుంటున్నాడు. మేక తప్పిపోయిందని చెబుతున్నాడు గాని, నాకు మాత్రం లేవమన్నట్టే వినిపిస్తోంది.

నమోదు 8

కొన్నాళ్ళు కొట్టు దగ్గరికి రాగానే కళ్ళజోడు మీట నొక్కి శబ్దం ఆపి చూశాను, బావి దగ్గర మళ్ళీ పెట్టి చూశాను. లాభం లేదు. ఆయన ఆపితే అది ఆయన చేసినట్టు. నేను ఆపితే చెవులు మూసుకున్నట్టు.

కాలనీవాళ్ళు ఇంకా ఫిర్యాదులు పెడుతున్నారు, చర్చి ఎప్పుడు, తలుపులు ఎప్పుడు అని. తలుపుల ఫిర్యాదులో నన్నూ చేరమన్నారు. మీ ఇంటి తలుపు తెరుచుకుంటే లోపలికెళ్ళి కూర్చోవచ్చు కదా అన్నారు. చేరనన్నాను. పొగరంటున్నారు.

నాకు ఆ తలుపు అలాగే ఉండాలి. దాని వెనక మంచం లేదు, గది లేదు, పడుకున్న మనిషి లేదు. నిజానికి ఆ రోజు కూడా లేదు.

బాబాయ్‌కి ఇప్పుడు ఆట అలవాటైంది. ఈ రోజు ఆ బొమ్మ కొట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. వస్తున్నాడమ్మాయ్ అని చెయ్యి ఊపాడు. దానియేలు కొట్టు దాటి, మైకులాంటి గొంతుతో మా ఇంటి వైపు వచ్చాడు. నేను గుమ్మం దిగి ఎదురెళ్ళి, ఆ పరాయి మొహంలోకి చూస్తూ గట్టిగా చెప్పాను.

"ఏవయ్యా, నేను లోపల లేనయ్యా. మధ్యానమే ఎల్లిపోయాను. నువ్వెల్లు."

ఈ ఊళ్ళో ఎవరూ ఎవరి మాటా వినరు. ఆయనా వినలేదు. కానీ ఆగలేదు కూడా. నా పక్క నుంచి చాటుకుంటూనే బావి దాటి మెట్ట రోడ్డు ఎక్కాడు. మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

మళ్ళీ చుట్టు తిరిగి వస్తాడు. వచ్చినప్పుడల్లా చెబుతాను.